బోసికప్పు కింద గులకయ్య

అనగనగా ఒక ఊళ్ళో అంటానని చూస్తున్నారు కదూ, అననర్రా. ఇవాళ ఊరి మాటెత్తితే నా నోట మంచి మాట రాదు. పొద్దున రేవులో నేను చీర జాడిస్తుంటే, అవతలి మెట్టు మీద కూర్చున్న అమ్మలక్కలు మీ రాఘవులు మావయ్యని చూసి కిసకిసలాడారు. పెళ్ళికి పిల్ల దొరకలేదు గానీ మేనకోడలికి జడలెయ్యడం మాత్రం బాగా వచ్చట. నాకు వినపడాలనే అన్నారు, విన్నాను. చేతిలో చీర పిండినట్టు వాళ్ళని పిండుదామనిపించింది. పిండలేదు, ఇంటికొచ్చి అన్నం వండాను. ఆ ఉడుకు ఇంకా దిగలేదు. అందుకే ఇవాళ మనకి ఊరు వద్దు. ఊరికి దిగువన గోదారి పాయ ఒడ్డుని కోసుకుంటూ పోయి ఒక మడుగు చేసింది, ఆ మడుగు అడుగున జరిగిన సంగతి చెబుతాను. రాఘవులూ, నువ్వు విసరడం ఆపకు నాయనా, కరెంటు ఇప్పట్లో వచ్చేలా లేదు. పిల్లలూ, మీరు ఊ కొట్టండి.

అనగనగా ఆ మడుగులో ఇసుకదొందులు కాపురం ఉండేవి. మొన్న ఇగురు పెడితే వేళ్ళు నాక్కుంటూ తిన్నారే, ఆ చేపలే. తల పెద్దది, ఒళ్ళు సన్నం, రంగు ఇసుక రంగు. పొట్ట ఇసుక మీద ఆనించుకుని కూర్చుంటే పక్కనే ఉన్నా కనిపించవు. వాటి లోకంలో గుడ్లు పెట్టడం వరకే ఆడదాని పని, ఆ తర్వాత కాపలా అంతా మగవాడిది. నవ్వకు రా, నిజం చెబుతున్నాను.

మృగశిర కార్తె వచ్చి గోదాట్లోకి ఎర్రనీరు దిగిందంటే మగవాళ్ళకి నిద్రుండదు. ఒక ఖాళీ ఆల్చిప్ప వెతుక్కోవాలి. దాన్ని బోర్లించాలి. కింద ఉన్న ఇసుక నోటితో తోడి బయట పొయ్యాలి, పైన ఇసుక కప్పాలి, దూరడానికి చిన్న గుమ్మం వదలాలి. ఆడది వచ్చి లోపలికి దూరి, వెల్లకిలా తిరిగి, చిప్ప కప్పుకి గుడ్లంటించి తన దారిన తాను పోతుంది. ఇక మగవాడు తిండి మానేసి గుమ్మంలో కూర్చుని, రెక్కలతోటీ తోకతోటీ గుడ్ల మీదకి నీళ్ళు విసురుతూ ఉండాలి. విసిరితేనే గుడ్లకి ఊపిరి. విసరడం ఆగితే బూజు పడుతుంది.

అయితే ఆ మడుగులో ఆడవాళ్ళకి ఒక రివాజు ఉండేది. గుడ్లున్న కప్పు కిందే గుడ్లు పెట్టాలి. బోసికప్పు కింద పెట్టకూడదు. ఇంకొకామె నమ్మి పెట్టిందంటే వాడు మంచివాడే అయ్యుంటాడని వాళ్ళ లెక్క. ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టె, లేనమ్మా ఉన్నమ్మకే పెట్టె. మరి ఆ మొదటి గుడ్డు ఎవరు పెట్టాలమ్మా? ఆ రివాజుకి కాపలాదారు సూరమ్మ అని ఒక పెద్ద ఆడచేప. ఎవరింటికి ఎవరు పోవాలో ఆవిడే చెప్పాలి, ఎవర్ని చూసి ఎవరు నవ్వాలో కూడా ఆవిడే చెప్పాలి. మన రేవులో ఇవాళ కూర్చున్న ఆవిడ పేరు నేను చెప్పను, మీకు తెలుసు.

ఆ మడుగులో దండోరయ్య అని ఒక మగచేప ఉండేవాడు. గోదారి అడుగున ఎక్కడా లేనంత పెద్ద ఆల్చిప్ప వాడిది. గడ్డం ఇసుకకేసి కొడుతూ డుబుక్ డుబుక్ మని చప్పుడు చేసేవాడు. ఆ చప్పుడికి సూరమ్మ మురిసిపోయి, అదీ బోసికప్పేనన్న మాట మరిచి, తానే ముందు పోయి గుడ్లు పెట్టింది. ఇంకేముంది, సూరమ్మ పెట్టిందని చెల్లెలు పెట్టింది, చెల్లెలు పెట్టిందని తోడికోడలు పెట్టింది, తోడికోడలు పెట్టిందని పక్కింటావిడ పెట్టింది. వాడి గుమ్మం ముందు బారులు తీరారు.

వాడి ఇంటికి కాస్త ఎడంగా గులకయ్య ఉండేవాడు. చిన్నవాడు, గులకరాళ్ళ మధ్య పుట్టాడని ఆ పేరు. వాడి ఆల్చిప్పా చిన్నదే. కానీ లోపల ఇసుక రేణువు కనపడనిచ్చేవాడు కాదు, కప్పు అద్దంలా తోమి ఉంచేవాడు. వాడికి రాజ్యాలేం అక్కర్లేదర్రా. ఒక్క తల్లి వచ్చి ఒక్కసారి గుడ్లు పెడితే, అవి పిల్లలై తన గుమ్మంలోంచి బయటికి ఈదితే చాలనుకున్నాడు. చిన్న చేప బతుకు, మళ్ళీ ఏడు ఎర్రనీరు చూస్తాడో లేదో ఎవరికి తెలుసు. వాడేం చేసేవాడంటే,

ఇసుక తోడె, ఇసుక పోసె,
తోక ఊపె, తొంగిచూసె,
వచ్చినామె కప్పు చూసె,
మూతి తిప్పి మళ్ళిపోయె.

మృగశిర పోయింది, ఆరుద్ర వచ్చింది. ఆరుద్ర పోయింది, పునర్వసు వచ్చింది. వాడు ఇసుక తోడుతూనే ఉన్నాడు, వచ్చినామె మూతి తిప్పుతూనే ఉంది. కోపం రాదూ? వచ్చింది. వచ్చి ఎవరి మీద పడాలి? ఆ కోపమంతా నోట్లో ఇసుకతో కలిపి గుమ్మం బయట ఊసేవాడు. ఊ కొడుతున్నారా? కొట్టండి, నేను ఒక్కదాన్నే మండిపోతే ఎలా.

పుబ్బ కార్తెలో ఒకనాడు బుల్లెమ్మ అని ఒక పిల్ల వచ్చింది. దానికది తొలిసారి. గులకయ్య ఇల్లు చూసింది, శుభ్రంగా ఉందనుకుంది. లోపలికి దూరింది, వెల్లకిలా తిరగబోయింది. గులకయ్య దానికి చోటిస్తూ గుమ్మం పక్కకి ఒదిగి నిలబడ్డాడు. అప్పుడు బయట సూరమ్మ గొంతు వినపడింది. ఆ పిల్లకి మతి పోయిందా ఏమిటర్రా, మగవాడి సంగతి వాడి కప్పు చూస్తే తెలీదా, ఎవరూ పెట్టని చోట పెడితే రేపు దాని మొహం ఎవరు చూస్తారు అని మడుగంతా వినపడేలా అందిట. బుల్లెమ్మ సిగ్గుతో బయటికొచ్చి, గులకయ్య మొహం చూడకుండా తలొంచుకుని పోయింది. పోయి దండోరయ్య కప్పు కింద, నిండిన గుడ్లన్నీ పోగా అంచున కాస్త చోటు మిగిలితే అక్కడ పెట్టింది. గులకయ్య ఆ పూట ఇసుక కూడా తోడలేదు.

ఇప్పుడు దండోరయ్య సంగతి వినండి. కప్పు నిండా పెట్టించుకున్నాడు బానే ఉంది, అన్నిటికీ విసరొద్దూ? చప్పుడు చెయ్యడం వేరు, విసరడం వేరు. ఉత్తర కార్తెలో వాన మొహం చాటేసింది. మడుగు నీళ్ళు తగ్గాయి, వేడెక్కాయి. అలాంటప్పుడు ఇంకా ఎక్కువ విసరాలి. వీడికి ఆకలి, వీడికి అలుపు, వీడికి విసుగు. మెల్లిగా అంచున ఉన్న గుడ్లు నాలుక చప్పరిస్తూ నోట్లో వేసుకున్నాడు. అవును, తినేశాడు. నమ్మి పెట్టిన గుడ్లు. ఆ అంచున ఉన్నవి బుల్లెమ్మవి. అవి తిన్నాక ఒళ్ళు కాస్త తేరుకుని, ఈ చాకిరీ ఎవడు చేస్తాడని మిగతావన్నీ అలాగే వదిలేసి లోతు నీళ్ళలోకి పోయాడు. వదిలేసి పోయేవాళ్ళు చప్పుడు చెయ్యకుండా పోతారర్రా, అదొక్కటీ వాళ్ళకి బాగా చేతనవును. మీ నాన్న మాట ఇప్పుడు నా చేత అనిపించకండి.

గుడ్లు పెట్టాక తల్లి వెనక్కి తిరిగి చూడకపోవడం వాళ్ళ పద్ధతి. బుల్లెమ్మకి మాత్రం మనసు ఆగక వచ్చి తొంగి చూసింది. అంచున తన గుడ్లున్న చోట చిప్ప తెల్లగా బోసిపోయి ఉంది. మిగతా కప్పంతా గుడ్లే, దగ్గర మనిషి లేడు. ఓ పక్క నుంచి బూజు పడుతోంది. తనవి ఎలాగూ పోయాయి, అయినా ఆ పిల్ల ఊరుకోలేదు, నేను మెచ్చుకునేది అందుకే. సూరమ్మ దగ్గరికి పరిగెత్తి సంగతి చెప్పింది. పెట్టడంతో మన పని తీరింది, కాపలా కాయకపోతే మగవాడికే పాపం అందిట సూరమ్మ, అక్కడ తన గుడ్లు కూడా ఉన్నాయని తెలిసే అంది. కాపలా ఉన్న మగవాళ్ళు తమ గుమ్మాలు వదిలి రాలేమన్నారు. ఇక దగ్గర్లో మిగిలింది ఎవరు? సిగ్గు చంపుకుని గులకయ్య గుమ్మం ముందు నిలబడింది.

గులకయ్య అప్పుడు ఎంత మండిపడ్డాడో నేను చెప్పలేను. అవి ఎవరి గుడ్లు, ఎవరు విసరాలి అని అడిగాడు. తన కప్పు చూసి మూతి తిప్పిన ప్రతి ఒక్కామె గుడ్లూ అక్కడున్నాయి. తన ఇల్లు వదిలి పోతే ఇసుక కొట్టుకొచ్చి చిప్ప పూడిపోతుంది, ఆ ఏటికి తన ఆశ అక్కడితో సరి. అది నీకు తెలుసా అన్నాడు. తెలుసు అంది బుల్లెమ్మ, అని అక్కడే నిలబడింది.

ఒక్కసారి చూసి వస్తానని వెళ్ళాడు. చూసి ఉండకపోతే బాగుండేది, కానీ చూశాడు. గుడ్లకి కళ్ళొచ్చాయర్రా. ఒక్కో గుడ్డులో రెండేసి నల్లని చుక్కలు, అన్నీ గుమ్మం వైపే తిరిగి ఉన్నాయి. వాడు లోపలికి దూరాడు, తోకెత్తి విసరడం మొదలెట్టాడు. ప్రేమతో విసిరాడని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. ఒళ్ళు మండిపోతూ విసిరాడు. దండోరయ్యని తిడుతూ ఒక విసురు, సూరమ్మని తిడుతూ ఒక విసురు, తనని తాను తిట్టుకుంటూ ఒక విసురు. గుడ్లకి కావలసింది నీళ్ళు, ఆ నీళ్ళు ఎవరి మీద కోపంతో వస్తే వాటికేం.

నీళ్ళు విసిరె, బూజు గీరె,
ఆకలంటే ఇసుక మింగె,
వీళ్ళనీ తిట్టె, వాళ్ళనీ తిట్టె,
తిట్టి తిట్టి మళ్ళీ విసిరె.

ఒకసారి పీత వచ్చింది. గుడ్ల వాసనకి పక్కకి నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కాలు పెట్టింది. గులకయ్య దాని కళ్ళ మీదకి ఎగిరాడు. పీత కత్తెరలాంటి డెక్కతో వాడి తోక సగం కత్తిరించింది. అయినా వాడు వెనక్కి తగ్గలేదు, బుల్లెమ్మ కూడా బయటి నుంచి దాని కళ్ళలోకి ఇసుక చిమ్మింది. ఇద్దరి పోరూ పడలేక పీత పోయింది. మిగిలిన సగం తోకతో వాడు మళ్ళీ విసరడానికి కూర్చున్నాడు. సూరమ్మ అటుగా పోతూ చూసి, ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని సాకే తోకతెగినవాడు అని నవ్వుకుంటూ పోయిందిట. వింటున్నావా రాఘవులూ? నువ్వు వినాలనే చెబుతున్నాను.

కాలం ఎప్పుడూ ఒక్కలా ఉంటుందా. ఉత్తర పోయింది, హస్త వచ్చింది. నీళ్ళు చల్లబడే వేళ దగ్గరపడింది. చల్లబడితే ఇక గుడ్లు పెట్టడానికి లేదు, పెట్టినా పిల్లలు కావు. ఆడవాళ్ళ పొట్టలు మళ్ళీ నిండాయి, పెట్టాలంటే మగవాళ్ళేరీ? డాబుగా తిరిగినవాళ్ళలో కొందరు కాపలా కాసి కాసి తిండి లేక ఎండిపోయారు, కొందరు నీరసంగా పైకి తేలి కొంగ నోట్లో పడ్డారు. వెతికి వెతికి చూస్తే గుడ్లున్న కప్పు ఒక్కటే కనపడింది. దాని గుమ్మంలో ఎవరున్నారు? సగం తోకతో గులకయ్య.

అప్పుడు చూడాలి ఆ బారులు. ఎర్రనీటి వేళ మగవాడు గుమ్మంలో నిలబడి తోక ఊపితే ఆడవాళ్ళు ఏరుకునేవారు. ఇప్పుడు ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి తోకలూపుతున్నారు, ఏరుకునేది వాడు. అందరికన్నా ముందు సూరమ్మ. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. తోక తెగితేనేం బాబూ, నీ అంత విసిరేవాడు గోదారి మొత్తానికి లేడు, మొదటినుంచీ నేను ఆ మాట అంటూనే ఉన్నాను అందిట. మొదటినుంచీ అందిట. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇంతలో డుబుక్ డుబుక్ మని చప్పుడు. లోతు నీళ్ళలో తిని బలిసి దండోరయ్య వచ్చాడు. ఆడవాళ్ళ బారు చూసేసరికి ఇల్లు గుర్తొచ్చింది. ఈ చిప్ప నాది, బయటికి నడు అన్నాడు. సూరమ్మ అప్పుడే అటు తిరిగి, ఇంటాయన రానే వచ్చాడు కదా అని మెల్లిగా గొణిగింది. గులకయ్య గుమ్మంలోంచి కదల్లేదు. విసరడం ఆపకుండానే మాట్లాడాడు.

"చిప్ప నీదే. గుడ్లు మాత్రం నీళ్ళు విసిరినవాడి సొత్తు. నువ్వు నిజంగా తండ్రివైతే లోపలికొచ్చి విసురు. అందరూ చూస్తారు."

దండోరయ్య తల లోపలికి పెట్టాడు. ఇంకాసేపట్లో పగలబోయే గుడ్లు, కళ్ళతో సహా మెరుస్తున్నాయి. వాడికి తోక ఊపాలని తోచలేదు, నోరూరింది. అలవాటైన నోరు అలాగే తెరుచుకుంది. అది సూరమ్మ చూసింది, చెల్లెలు చూసింది, తోడికోడలు చూసింది, పక్కింటావిడ చూసింది. బుల్లెమ్మ గుడ్లు ఎక్కడికి పోయాయో అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఆ తర్వాత వాణ్ణి ఎవరు ముందు పొడిచారో తెలీదు గానీ, వాడు మళ్ళీ గడ్డం ఇసుకకి ఆనించలేకపోయాడు. నేనైతే వాణ్ణి కొంగకి ఇచ్చేదాన్ని. పడుకునేముందు చంపడం వద్దంటాడు మీ మావయ్య, కనక వాణ్ణి చావనివ్వలేదు. చిన్న చిన్న మగవాళ్ళ ఇళ్ళకి ఇసుక మోసే పనిలో పెట్టారు.

వాడు పోయాక సూరమ్మ మళ్ళీ గుమ్మంలోకి జరిగింది. అంచున తెల్లగా కాస్త బోసి చోటుంది కదా, అక్కడ నాకు సరిపోతుంది బాబూ అంది. గులకయ్యకి పగ తీర్చుకునే వేళ అదే. అందర్నీ పొమ్మంటే సరి, వాళ్ళ పొట్టల్లో గుడ్లన్నీ నీళ్ళ పాలయ్యేవి. లేదూ, అందర్నీ రమ్మని కప్పు నిండా పెట్టించుకుంటే రాజైపోయేవాడు, ఆనక విసరలేక తానూ నోరు తెరిచేవాడు. వాడు రెండూ చెయ్యలేదు. కోపం ఉన్నవాడే అయినా బుద్ధి ఉన్న కోపం వాడిది.

"సగం తోకతో నేను ఎన్నిటికి విసరగలనో నాకు తెలుసు," అన్నాడు. "ఆ గులకరాళ్ళ వెనక నాలాంటి వాళ్ళింకా ఉన్నారు. ఏడంతా ఒక్కరూ గడప తొక్కలేదు, అందుకే వాళ్ళ ఒంట్లో సత్తువ ఇంకా ఉంది. కప్పులు బోసిగానే ఉంటాయి. వెళ్ళి వాటి కింద పెట్టండి. ముందు నువ్వెళ్ళు సూరమ్మా."

సూరమ్మ మొహం మాడిపోయింది. బోసికప్పు కిందా, నేనా అంది. పక్కవాళ్ళ వైపు చూసింది. పక్కవాళ్ళెవరూ ఆవిడ వైపు చూడలేదు. నీళ్ళు అప్పటికే చల్లగా తగులుతున్నాయి, పొట్ట బరువు ఆగనివ్వదు. ఏ రివాజు పేరు చెప్పి మడుగంతా శాసించిందో ఆ రివాజుని తానే తొక్కుకుంటూ, గులకరాళ్ళ వెనక ఒక బక్కచేప గుమ్మంలోకి తల వంచుకుని దూరింది. ఆవిడ పెట్టిందని చెల్లెలు ఇంకో బోసికప్పు కింద పెట్టింది, తోడికోడలు మరో బోసికప్పు కింద పెట్టింది. ఆ బక్కవాళ్ళు విసిరిన విసుర్లకి మడుగు నీళ్ళే కదిలాయట.

అందరూ పోయాక బుల్లెమ్మ మిగిలింది. దాని పొట్టా నిండే ఉంది, కానీ బారులో నిలబడలేదు, అడగలేదు. అంచున ఆ తెల్లటి చోటు కింద గులకయ్య ఎవర్నీ ఎందుకు రానివ్వలేదో దానికి తెలుసు. గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"ఈసారి నేను కప్పు చూసి రాలేదు," అంది.

గులకయ్య కోపం అప్పటికీ పూర్తిగా పోలేదర్రా. ఎందుకు పోవాలి, అంత తేలిగ్గా?

"నిలబడి మాట్లాడకు. నీళ్ళు చల్లబడుతున్నాయి, లోపలికి రా," అన్నాడు.

ఆ చోట బుల్లెమ్మ గుడ్లు పెట్టింది. ముందున్నవి పగిలి ఊళ్ళో వాళ్ళ పిల్లలందరూ వాడి గుమ్మంలోంచి ఈదుకుంటూ పోయారు. ఆ తర్వాత చిత్త కార్తెలో, నీళ్ళు పూర్తిగా చల్లబడకముందే, బుల్లెమ్మ పిల్లలూ ఈదారు. ఏ పిల్లలు ఎవరివో వాడికి తెలీదు, అడిగినవాళ్ళూ లేరు. పెట్టాక తిరిగి చూడని రివాజు కూడా బుల్లెమ్మతో పోయింది, గుడ్లు పగిలేదాకా అది గుమ్మం దగ్గరే ఉంది.

అందుకని నేను చెప్పేదేమిటంటే, ఎవరింట్లో ఎంత నిండుగా ఉందో చూసి మనిషిని కొలవకండి. అక్కడ విసిరే చెయ్యి ఎవరిదో చూడండి. రేపు రేవులో ఎవరైనా మీ మావయ్యని చూసి నవ్వితే మీరు తలొంచుకోవద్దు. మా జడలు వేసింది ఆయనే అని గట్టిగా చెప్పండి. చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ఊ కొట్టడం లేదేమిటి? పడుకున్నారా. సరే, కథ తన దారిన తాను కంచికి పోయింది, ఇల్లు మన దగ్గరే ఉంది. రాఘవులూ, ఇందాకట్నించీ చెయ్యి మార్చకుండా విసురుతున్నావు, నొప్పి పుట్టదట్రా. ఆ విసనకర్ర ఇటియ్యి, వాళ్ళ పక్కన నువ్వూ నడుం వాల్చు. కాసేపు నీకు నేను విసురుతాను.